పీహెచ్‌డీ సీటు కాదు, ల్యాబ్ వెతకండి

సైన్స్‌లో డాక్టరల్, పోస్ట్‌డాక్టరల్ పరిశోధనకు దారులు, పరీక్షలు, ఫెలోషిప్‌లు: అవగాహన

## చెక్‌పోస్ట్ నుంచి ఉప్పల్ దాకా

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో నాగోల్ వైపు మెట్రో ఎక్కండి. అమీర్‌పేట, సికింద్రాబాద్ దాటాక తార్నాక వస్తుంది. అక్కడ దిగితే జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధన చేసే ఐఐసీటీ, ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గర్లోనే ఉంటాయి. తర్వాతి స్టేషన్ హబ్సిగూడ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీకి అక్కడే దిగాలి. ఆ తర్వాత వచ్చే స్టేషన్‌కు భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ పేరే పెట్టారు. ఉప్పల్‌లో దిగితే డీఎన్ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ. అదే చెక్‌పోస్ట్‌లో ఎదుటి ప్లాట్‌ఫాం మీద రాయదుర్గం రైలెక్కి, చివరి స్టేషన్‌లో దిగి గచ్చిబౌలి బస్సు పట్టుకుంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ, పశువుల జీవసాంకేతిక శాస్త్రంలో పనిచేసే ఎన్ఐఏబీ, ఇంకాస్త లోపలికి గోపన్‌పల్లిలో టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్).

జూబ్లీహిల్స్ కొండ మీదికి సినిమా అవకాశం వెతుక్కుంటూ ఎంతోమంది వస్తారు. సహాయ దర్శకుడిగా చేరాలనుకునే కుర్రాడు ముందు కనుక్కునేది ఏ దర్శకుడి దగ్గర చేరాలి, ఆయన పని ఎలా చేస్తాడు, ఇప్పుడు ఏ సినిమా మొదలుపెడుతున్నాడు అని. అదే కుర్రాడి ఇంట్లో ఎమ్మెస్సీ చదివే చెల్లెల్ని ‘పీహెచ్‌డీ ఎక్కడ చేస్తావమ్మా’ అని అడిగితే విశ్వవిద్యాలయం పేరు చెబుతుంది. ల్యాబ్ పేరు చెప్పదు, ప్రశ్న పేరు అసలే చెప్పదు. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఎంసెట్ నుంచి పీజీ ప్రవేశ పరీక్షల దాకా మనం పిల్లలకు నేర్పింది ర్యాంకు, కౌన్సెలింగ్, సీటు అనే మూడు మాటలే. పరిశోధన ఆ వరుసలో నడవదు. ఈ వ్యాసమంతా ఆ తేడా గురించే.

## సీటు, ఫెలోషిప్, గైడ్: మూడూ వేరు

పీహెచ్‌డీకి మూడు కావాలి. డిగ్రీ ఇచ్చే సంస్థలో రిజిస్ట్రేషన్, నెలనెలా బతకడానికి ఫెలోషిప్, పని నేర్పే గైడ్. బీఎస్సీ, ఎమ్మెస్సీల్లో సీటు వస్తే మిగతావన్నీ దానితోపాటే వచ్చేవి కాబట్టి ఈ మూడింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. ఇక్కడ ఒకటి దొరికి రెండోది దొరక్కపోవచ్చు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) సాధించి కూడా ఆ పత్రం గడువులోగా గైడ్ దొరక్క దాన్ని పోగొట్టుకున్నవాళ్లున్నారు. సీటు వచ్చినా ఫెలోషిప్ లేక, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో జాతీయ అర్హత పరీక్ష (నెట్) లేనివారికిచ్చే నెలకు రూ.8,000తో నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు.

డిగ్రీ ఇచ్చే సంస్థ, పనిచేసే ల్యాబ్ ఒకే ప్రాంగణంలో ఉండాలన్న నియమమూ లేదు. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ మూడూ శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) ప్రయోగశాలలు. వీటిలో పనిచేసే స్కాలర్లు ఎక్కువగా ఏసీఎస్ఐఆర్ అనే అకాడమీ కింద నమోదవుతారు. పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఆ అకాడమీ జనవరి, ఆగస్టు విడతల్లో ప్రవేశాలు జరుపుతుంది. ‘సీసీఎంబీలో పీహెచ్‌డీ నోటిఫికేషన్ ఎప్పుడు’ అని అడిగేవాళ్లు ఏసీఎస్ఐఆర్ ప్రకటన, సీసీఎంబీ సొంత ప్రకటన రెండూ చూసుకోవాలి.

జూబ్లీహిల్స్‌లోనే ఉన్న డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం గురించి ఇక్కడే ఒక మాట. 1982లో మొదలైన ఈ సంస్థ దేశంలోనే తొలి ఓపెన్ యూనివర్సిటీ. 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు. పగలు ఎడిటింగ్ గదిలోనో, డబ్బింగ్ థియేటర్లోనో పని చేసుకుంటూ ఇక్కడ గణితంలోనో భౌతికశాస్త్రంలోనో ఎమ్మెస్సీ చేసినవారు తమ డిగ్రీ నెట్‌కు చెల్లదేమోనని వెనక్కి తగ్గుతుంటారు. గుర్తింపు పొందిన దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానం. 55 శాతం మార్కులుంటే నెట్ రాయవచ్చు. రిజర్వుడు వర్గాలకు 50 శాతం చాలు. కానీ పీహెచ్‌డీని మాత్రం దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేయడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉంది, అది వేరే సంగతి. దూరవిద్య పీహెచ్‌డీ ఇప్పిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే ఒక్క రూపాయి కూడా కట్టకండి.

## సీఎస్ఐఆర్ నెట్: మార్కులు ఎక్కడున్నాయి

సైన్స్ వారికి పెద్ద గుమ్మం సీఎస్ఐఆర్–యూజీసీ నెట్. రసాయన, భౌతిక, జీవ, గణిత, భూశాస్త్రాలు కలిపి అయిదు పేపర్లు. సాధారణంగా జూన్, డిసెంబరు విడతల పేరుతో ఏటా రెండుసార్లు జరుగుతుంది. 3 గంటలు, 200 మార్కులు, కంప్యూటర్ మీద పరీక్ష. జేఆర్ఎఫ్‌కు గరిష్ఠ వయసు 30 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు, మహిళలకు 5 ఏళ్ల దాకా సడలింపు. సహాయ ఆచార్య అర్హతకు వయసు పరిమితి లేదు.

2024 జూన్ విడత నుంచి ఫలితాలు మూడు వర్గాలుగా వస్తున్నాయి. మొదటి వర్గానికి జేఆర్ఎఫ్, సహాయ ఆచార్య అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ దక్కుతాయి. రెండో వర్గానికి సహాయ ఆచార్య అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం. మూడో వర్గానికి పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. జేఆర్ఎఫ్ వచ్చినవారిని ఇంటర్వ్యూ ఆధారంగా తీసుకుంటారు. రెండు, మూడు వర్గాలవారికి నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఫలితం వచ్చిన రోజునే ఆ ఏడాది లెక్క మొదలైందనుకుని గైడ్ల వెతుకులాటలో దిగాలి.

పేపర్ అమరికలో పార్ట్-ఎ అందరికీ ఒకే తీరు. 20 ప్రశ్నల్లో 15 రాయాలి, ఒక్కోదానికి 2 మార్కులు. లెక్కలు, తర్కం, గ్రాఫులు. ఈ 30 మార్కుల్ని తేలిగ్గా తీసుకునేవారే ఎక్కువ. అసలు బరువు పార్ట్-సిలో ఉంది. జీవశాస్త్రంలో 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు, ఒక్కోదానికి 4 మార్కులు. రసాయనశాస్త్రంలో 60 ఇచ్చి 25. అంటే రెండింటిలోనూ పాతిక ప్రశ్నలకే 100 మార్కులు. భౌతికశాస్త్రంలో పార్ట్-సిలో 30కి 20, ఒక్కోటి 5 మార్కులు. ఈ మూడు పేపర్లలోనూ తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో పాతిక శాతం కోత. గణితం పార్ట్-సి తీరు వేరు. 60లో 20 రాయాలి, ఒక్కోటి 4.75 మార్కులు. ఒకటి కంటే ఎక్కువ ఐచ్ఛికాలు సరైనవి కావచ్చు. అన్నీ సరిగ్గా గుర్తిస్తేనే మార్కులు, కాకపోతే సున్నా. నెగెటివ్ మార్కులు మాత్రం ఉండవు.

ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసుకుంటే చదివే పద్ధతే మారిపోతుంది. జీవశాస్త్రం అభ్యర్థి సిలబస్‌లోని పదమూడు యూనిట్లనూ పైపైన తిప్పేయడం కన్నా, ఆరేడు యూనిట్లను పార్ట్-సి లోతుకు చదివి మిగిలినవి పార్ట్-బి మేరకు చూసుకోవడం మేలు. పార్ట్-సి ప్రశ్న నిర్వచనం అడగదు. ఒక ప్రయోగం చెప్పి, ఫలితం చూపించి, దాన్నుంచి ఏం తేల్చవచ్చో అడుగుతుంది. రేపు ల్యాబ్‌లో రోజూ చేయబోయే పని అదే కాబట్టి ఈ సాధన వృథా పోదు. అభ్యాసంలో భాగంగా వారానికి ఒక పరిశోధన పత్రం తీసుకుని, అందులోని బొమ్మల కింద రాసిన వివరణలు మూసేసి, ఆ బొమ్మ ఏం చెబుతోందో సొంతంగా రాసుకోండి. కోచింగ్ నోట్సుల్లో దొరకని సాధన ఇది.

## నెట్ ఒక్కటే దారి కాదు

నెట్ రాలేదని ఆగిపోయేవారిని చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే పక్కన ఇంకా చాలా గుమ్మాలున్నాయి. గోపన్‌పల్లి టీఐఎఫ్ఆర్‌తోపాటు దాని కేంద్రాలన్నింటికీ సొంత జీఎస్ పరీక్ష ఉంది. జీవశాస్త్రం వారికి జేజీఈఈబీఐఎల్ఎస్, భౌతికశాస్త్రం, సిద్ధాంతపరమైన కంప్యూటర్ సైన్స్ వారికి జెస్ట్. గణితంలో ఎన్‌బీహెచ్ఎం ఉపకార వేతనం. బయోటెక్నాలజీలో డీబీటీ–బెట్, వైద్య పరిశోధనకు దగ్గరగా పనిచేయాలనుకునేవారికి ఐసీఎంఆర్ జేఆర్ఎఫ్. పీజీలో విశ్వవిద్యాలయ మొదటి ర్యాంకు వచ్చినవారికి డీఎస్‌టీ ఇన్‌స్పైర్. ఐఐటీలకు, అనేక ల్యాబ్‌లకు గేట్.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీఆర్‌సెట్ ఉంది. ఉస్మానియాలో ఫెలోషిప్ ఉన్నవారికి ఒక వర్గం, ప్రవేశ పరీక్ష రాసేవారికి మరో వర్గం. తెలంగాణ సెట్ విషయంలో మాత్రం పొరబడకండి. అది సహాయ ఆచార్య అర్హత పరీక్ష, దానితో ఫెలోషిప్ రాదు.

డబ్బు సంగతి ఇంట్లోవాళ్లు మొదట అడుగుతారు, అడగాలి కూడా. 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ నెలకు రూ.37,000, రెండేళ్లయ్యాక సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) రూ.42,000. హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్‌కు ఏటా రూ.20,000 కంటింజెన్సీ గ్రాంటు కూడా వస్తుంది. ఫెలోషిప్ మొత్తం 5 ఏళ్లు. చేతికి ఆలస్యంగా అందడం మామూలే. తొలి ఏడాది మూణ్నాలుగు నెలలకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకుని చేరమని నేను అడిగినవారందరికీ చెబుతుంటాను.

## 2022 నిబంధనలు: పరీక్షకూ, బతుక్కూ

యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు 2022 నవంబరులో వెలువడ్డాయి. వీటిని పోటీ పరీక్షల్లో నేరుగా అడుగుతారు. చేరబోయేవారికి ఇవే రక్షణ కూడా. కనీస వ్యవధి 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2 ఏళ్లు. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్ల సడలింపు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఉంది. పెళ్లయితే పీహెచ్‌డీ ఆగిపోతుందని భయపెట్టేవారికి ఈ అంకె చూపించండి. నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు ఎమ్మెస్సీ లేకుండానే నేరుగా పీహెచ్‌డీకి అర్హులు. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. ఎంఫిల్ ఇక లేదు. థీసిస్ ఇచ్చే ముందు జర్నల్‌లో పత్రం అచ్చు కావాలన్న దేశవ్యాప్త నియమం తీసేశారు. సంస్థలు తమ సొంత నియమంగా పెట్టుకోవచ్చు, చేరేటప్పుడే అడగండి.

గైడ్‌కు సంబంధించిన రెండు నియమాలు బాగా గుర్తుంచుకోండి. ప్రొఫెసర్ ఒకే సమయంలో 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మాత్రమే చేర్చుకోవచ్చు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. కాబట్టి ‘సార్, మీ దగ్గర ఖాళీ ఉందా’ అన్న ప్రశ్న అమర్యాద కాదు. అడగకుండా ఏడాది ఎదురుచూడటమే నష్టం.

## ముందు ప్రశ్న, తర్వాతే ప్రొఫెసర్

ల్యాబ్ వెతకడం అంటే వెబ్‌సైట్లో ఫొటోలు చూడటం కాదు. మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఏదో ముందు తేలాలి. అది ఎక్కడో విదేశాల్లో ఉండనక్కర్లేదు. ఫిల్మ్‌నగర్ బస్తీల పక్కన బయటపడి కనిపించే గ్రానైట్ బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. వాటి పగుళ్లలో నీరు ఎలా నిలుస్తుంది, బోరు ఎక్కడ పడుతుంది, ఎక్కడ పడదు అన్నది భూభౌతికశాస్త్ర ప్రశ్న. ఎన్‌జీఆర్ఐలో భూగర్భ జలాల మీద పనిచేసేవారున్నారు. దుర్గం చెరువు నీళ్లలో నాచు ఎందుకు పెరుగుతుందన్నది సూక్ష్మజీవుల ప్రశ్న. చెక్‌పోస్ట్ పక్కన కేబీఆర్ జాతీయ ఉద్యానం ఉంది. చుట్టూ ఊరు కమ్మేసిన అడవి తునకలో పక్షులు, పాకే జీవులు ఎలా నెగ్గుకొస్తున్నాయన్నది జీవావరణ ప్రశ్న. అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే సీసీఎంబీ విభాగం లాకోన్స్ అత్తాపూర్‌లో ఉంది.

సినిమా రంగానికీ పరిశోధనకూ ఉన్న చుట్టరికం ఇక్కడ చెప్పాలి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించి, దర్శకుడై, నిర్మాతై, 1982 దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న ఎల్వీ ప్రసాద్ కుటుంబం ఇచ్చిన స్థలం, డబ్బుతో బంజారాహిల్స్‌లో 1987లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మొదలైంది. స్థాపకుడు డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు. అది ఆసుపత్రితో ఆగలేదు. సీసీఎంబీ సంచాలకుడిగా పనిచేసిన డి.బాలసుబ్రమణియన్ తర్వాత అక్కడ పరిశోధన విభాగాన్ని నడిపారు. కంటి నల్లగుడ్డు అంచున ఉండే లింబస్ మూలకణాలతో దెబ్బతిన్న కార్నియాను బాగుచేసే పనిలో ఆ సంస్థకు ప్రపంచంలో పేరుంది. పక్క గదిలో రోగి, ఈ గదిలో ప్రయోగం అన్న వాతావరణంలో జీవశాస్త్రం చేయాలనుకునేవారు ఇలాంటి ఆసుపత్రి ల్యాబ్‌ల ప్రకటనలు తప్పక చూడాలి.

ఇంకో ఉదాహరణ గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ. అక్కడి కంప్యూటర్ విజన్ ల్యాబ్ 2020లో ప్రచురించిన ఒక పని, ఏ గొంతు ఇచ్చినా దానికి తగ్గట్టు తెరమీద పెదవులు కదిలేలా చేస్తుంది. డబ్బింగ్ చిత్రాల్లో మాట ఒకవైపు, పెదవి ఒకవైపు పోవడం చూసి చిరాకు పడిన ప్రతి ప్రేక్షకుడికీ ఆ ప్రశ్న తెలుసు. దాన్ని గణితంగా మార్చినవారు పరిశోధకులయ్యారు.

## ప్రాజెక్టు ఉద్యోగం: సీఆర్ రావు నడిచిన దారి

విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్లకు ప్రాజెక్టులు వస్తుంటాయి. వాటిలో ప్రాజెక్ట్ అసిస్టెంట్, ప్రాజెక్ట్ అసోసియేట్, ప్రాజెక్ట్ జేఆర్ఎఫ్ వంటి పోస్టులుంటాయి. వాక్-ఇన్ ఇంటర్వ్యూ ప్రకటన చాలాసార్లు సంస్థ వెబ్‌సైట్‌లో ఒక మూల రెండు వారాలుండి పోతుంది. కొన్నింటికి నెట్ అక్కర్లేదు. ఏడాది, రెండేళ్లు పనిచేస్తే యంత్రాలు అలవాటవుతాయి, గైడ్ తీరు తెలుస్తుంది, సిఫారసు లేఖ దొరుకుతుంది. చాలామంది ఆ ల్యాబ్‌లోనే పీహెచ్‌డీకి నమోదవుతారు. దీన్ని తక్కువ దారిగా చూడటం అన్యాయం.

ప్రపంచ ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. వెళ్లిన ఉద్యోగం రాలేదు. అక్కడ భారత గణాంక సంస్థ సంగతి తెలిసి 1941లో శిక్షణకు చేరారు. 1946లో కేంబ్రిడ్జ్ వెళ్లింది కూడా విద్యార్థిగా సీటు దొరికి కాదు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాల కొలతల్ని విశ్లేషించే పని కోసం మ్యూజియం ఒక మనిషి కావాలంటే, గణాంక సంస్థ స్థాపకుడు మహలనోబిస్ ఆయన్ను పంపారు. పగలు ఆ ఎముకల లెక్కలు, దానితోపాటే గణాంక శాస్త్రవేత్త ఆర్ఏ ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ. 1948లో డిగ్రీ వచ్చింది. నేటి భాషలో ఆయన చేసింది ప్రాజెక్టు ఉద్యోగం. ఆయన పేరు మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక గణిత, గణాంక పరిశోధన సంస్థ ఉంది. 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకుని, ఆ ఏడాదే కన్నుమూశారు.

## గైడ్‌కు రాసే మెయిల్

ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో నేను ఒకే మెయిల్‌ను నలభై మంది ప్రొఫెసర్లకు పంపాను. ఒక్క జవాబూ రాలేదు. లోపం నాలోనే ఉందని చాలా రోజులు కుమిలిపోయాను. లోపం మెయిల్‌లో ఉందని తర్వాత అర్థమైంది. ‘మీ గొప్ప ల్యాబ్‌లో అవకాశం ఇప్పించగలరు’ అన్న వాక్యంలో చదివేవారికి తెలిసే సంగతి ఏమీ లేదు. ఒక్క ల్యాబ్‌ని ఎంచుకుని, వాళ్ల పత్రాలు రెండు వారాలు చదివి, అందులో ఒక గ్రాఫ్ మీద నాకొచ్చిన సందేహం రాసినప్పుడు మూడో రోజు జవాబొచ్చింది.

మెయిల్ పదిహేను వాక్యాలు దాటనివ్వకండి. మొదట మీరెవరు, ఏ ఫెలోషిప్ ఉంది లేదా ఏ పరీక్ష రాశారు. తర్వాత వాళ్ల ఏ పని చదివారు, అందులో మీకు తట్టిన ప్రశ్న ఏమిటి. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మీ చేతులతో ఏం చేశారు. చివర్లో సూటిగా, వచ్చే విడతలో స్కాలర్‌ని తీసుకుంటారా అని. రెండు పేజీల బయోడేటా జత చేయండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి మరోసారి గుర్తుచేయవచ్చు. అప్పటికీ రాకపోతే ఆ ల్యాబ్‌ని వదిలేయండి.

చేరే ముందు మరొకటి చేయాలి, దీన్ని ఎవరూ చెప్పరు. ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న స్కాలర్లతో, మధ్యలో మానేసినవారు దొరికితే వారితోనూ మాట్లాడండి. పీహెచ్‌డీ సగటున ఎన్నేళ్లు పడుతోంది? పత్రాల్లో మొదటి పేరు ఎవరిది? ఆదివారాలు ఎలా గడుస్తాయి? అమ్మాయిలు రాత్రి పదింటి దాకా ప్రయోగం చేయాల్సి వస్తే హాస్టల్‌కు ఎలా చేరతారు? అయిదేళ్ల జీవితం అప్పగించే ముందు ఇవి అడగడం మీ హక్కు.

ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఉన్నవారికి ఇంకా మంచి అవకాశం ఉంది. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌తో రెండు నెలలు ఒక ల్యాబ్‌లో పనిచేయవచ్చు. దరఖాస్తులు ముందు ఏడాది చివర్లోనే ముగుస్తాయి.

## ఇంటర్వ్యూ గది

బోర్డు ముందు తెలియనిది తెలియదని చెప్పడం మార్కులు తగ్గించదు. తెలిసినట్టు నటిస్తే తగ్గుతాయి. ఎక్కువ ప్రశ్నలు మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు నుంచే వస్తాయి. ఏ కంట్రోల్ పెట్టారు, ఎన్నిసార్లు చేశారు, ఫలితం రాకపోయుంటే ఏమనుకునేవారు. వీటికి జవాబు లేకపోతే ప్రాజెక్టు ఇంకొకరు చేసిపెట్టారని బోర్డుకు తెలిసిపోతుంది. ఆంగ్లం తడబడితే భయపడకండి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద గీయండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవారు గ్రాఫు గీస్తూ మాట్లాడితే సగం తడబాటు పోతుంది.

## పోస్ట్‌డాక్: రెండో వెతుకులాట

పీహెచ్‌డీ అయ్యాక వచ్చే పోస్ట్‌డాక్‌కు ప్రవేశ పరీక్ష లేదు. ఇక్కడ పూర్తిగా ల్యాబ్ వెతుకులాటే. రెండు రకాలు. ఒకటి, ప్రొఫెసర్ ప్రాజెక్టులోని రీసెర్చ్ అసోసియేట్ పోస్టు. 2023 సవరణ ప్రకారం ఆర్ఏ-1కు రూ.58,000, ఆర్ఏ-2కు రూ.61,000, ఆర్ఏ-3కు రూ.67,000, అద్దె భత్యం అదనం. రెండోది, మీ పేరు మీద వచ్చే ఫెలోషిప్. సీఎస్ఐఆర్, డీబీటీ ఆర్ఏషిప్‌లు, జాతీయ పరిశోధన ఫౌండేషన్ (ఏఎన్ఆర్ఎఫ్) ఇచ్చే జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ ఈ కోవలోవి. చివరిది రెండేళ్లు, వయసు 35 లోపు ఉండాలి, అర్హులకు సడలింపు ఉంది. 2023 చట్టంతో వచ్చిన ఏఎన్ఆర్ఎఫ్‌లోనే పాత ఎస్ఈఆర్‌బీ కలిసిపోయింది. కుటుంబ బాధ్యతల వల్ల చదువు ఆగిన మహిళలకు డీఎస్‌టీ వైజ్-కిరణ్ కింద పీహెచ్‌డీకి, పోస్ట్‌డాక్‌కు వేర్వేరు పథకాలున్నాయి.

జీవ, వైద్య శాస్త్రాల్లో పెద్ద ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ 2008లో డీబీటీ, వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి పెట్టిన సంస్థ. దాని కార్యాలయం బంజారాహిల్స్‌లోనే ఉంది. ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ 5 ఏళ్లు. పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నప్పుడే దరఖాస్తుకు ఆలోచన మొదలుపెట్టాలి, ఎందుకంటే అందులో అడిగేది మీ గైడ్ ప్రశ్న కాదు, మీ సొంత ప్రశ్న.

విదేశాల సంగతి. యూరప్ మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ గడువు ఏటా సెప్టెంబరులో ముగుస్తుంది. పీహెచ్‌డీ తర్వాత పరిశోధన అనుభవం 8 ఏళ్లు మించకూడదు. వెళ్లాలనుకున్న దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. జర్మనీ హంబోల్ట్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ అయి నాలుగేళ్లలోపు ఉండాలి. అమెరికాకు ఫుల్‌బ్రైట్–నెహ్రూ. పీహెచ్‌డీకే వెళ్లేవారికి అమెరికాలో దరఖాస్తులు ఎక్కువగా డిసెంబరుకల్లా ముగుస్తాయి. సైన్స్‌లో టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌తో ఫీజు మాఫీ, స్టైపెండ్ దొరకడం పరిపాటి. సొంత డబ్బుతో పీహెచ్‌డీకి వెళ్లడానికి ఇల్లు తాకట్టు పెట్టొద్దు. జర్మనీలో డాక్టరల్ స్థానం చాలాచోట్ల ఉద్యోగ ప్రకటనగానే వస్తుంది, ఒప్పందంతో జీతమిస్తారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో చదువుతూ ఆసుపత్రిలో రాత్రి పనులు చేసి బతికారు. ఆయన 1930లో పీహెచ్‌డీ పూర్తిచేసిన కాలంతో పోలిస్తే ఈనాటి విద్యార్థికి సాయం ఎక్కువే ఉంది, వెతికి పట్టుకోవాలి.

## మాదిరి ప్రశ్నలు

1. థీసిస్‌లో 45 శాతం పోలిక బయటపడితే 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఏమవుతుంది?
జవాబు: 10 శాతం దాకా చర్య లేదు. 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు సమర్పణకు అనర్హత. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కాబట్టి ఏడాది నిలిపివేత.

2. ఫిస్క్–సుబ్బారావు పద్ధతితో దేన్ని కొలుస్తారు?
జవాబు: ఫాస్ఫరస్‌ను. 1925 నాటి పద్ధతి. ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలిసి, క్షయకరణం చెందితే నీలి రంగు వస్తుంది. రంగు చిక్కదనమే కొలత.

3. పాయిజాన్ విభాజనం నుంచి n నమూనాలు తీస్తే, λకు నిష్పక్షపాత అంచనాల విస్తృతికి క్రామర్–రావు కింది హద్దు ఎంత?
జవాబు: λ/n. నమూనా సగటు విస్తృతి కూడా ఇంతే, కాబట్టి అంతకన్నా మంచి నిష్పక్షపాత అంచనా ఉండదు. రావు ఈ ఫలితాన్ని ప్రచురించింది 1945లో.

4. ఇంటర్వ్యూ ప్రశ్న: జూబ్లీహిల్స్ గ్రానైట్ వయసు ఎలా కనుక్కుంటారు?
జవాబు: బండను పొడిచేసి అందులోని జిర్కాన్ స్ఫటికాలను వేరు చేస్తారు. జిర్కాన్ ఏర్పడేటప్పుడు యురేనియంను లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి ఇవాళ అందులో కనిపించే సీసం యురేనియం క్షీణించగా వచ్చిందే. యురేనియం-238 అర్ధాయువు సుమారు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235ది సుమారు 70 కోట్ల ఏళ్లు. ఒకే రేణువులో రెండు గడియారాలు. రెండూ ఒకే వయసు చెబితే నమ్మవచ్చు. చెప్పకపోతే ఆ రేణువు మధ్యలో ఎప్పుడో వేడెక్కి సీసం కోల్పోయిందేమో చూడాలి. బోర్డు తర్వాత అడిగేది దాని గురించే.